ఐదు లీటర్ల హద్దులో ఆరు బ్రాండ్లు: 1970 ట్రాన్స్-యామ్ సీజన్
(ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, మిత్రులందరికీ నమస్కారం.

అమెరికా కార్ల పందేలు అనగానే మనలో చాలామందికి ఇండియానాపోలిస్ గుర్తొస్తుంది, లేదంటే గుండ్రటి ట్రాకుల మీద ఎప్పుడూ ఎడమ వైపుకే తిరిగే నాస్‌కార్ గుర్తొస్తుంది. ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది ఆ రెండింటి గురించీ కాదు. కుడి ఎడమల మలుపులు, ఎత్తుపల్లాలు, అప్పుడప్పుడు వాన కూడా ఉన్న రోడ్ ట్రాకుల మీద, షోరూములో జనం కొనుక్కునే మస్టాంగ్, కమారో, జావలిన్ కార్లకు దగ్గరి చుట్టాలైన కార్లతో నడిచిన ట్రాన్స్-అమెరికన్ సెడాన్ ఛాంపియన్‌షిప్, పొట్టిగా ట్రాన్స్-యామ్ గురించి, అందులోనూ 1970 సీజన్ ఒక్కదాని గురించే మాట్లాడతాను. ఆ ఏడాది ఆరు అమెరికన్ బ్రాండ్ల కార్లు ఒకే ట్రాకు మీద తలపడ్డాయి. అంతకుముందు అంత పోటీ లేదు, ఆ తర్వాత ఉండలేదు. ఆ ఆరింటిలో ఫోర్డు గెలవడానికి కారణం అందరికన్నా ఎక్కువ డబ్బు పెట్టడమూ కాదు, అందరికన్నా కొత్త కారు తేవడమూ కాదని నా అభిప్రాయం. మిగతా ఐదింటి దగ్గర ఏదో ఒకటి మారింది; ఫోర్డు మాత్రం పాత పనినే ఇంకో ఏడాది ఓపిగ్గా సానపట్టింది.

ముందు నియమాలు చెప్పాలి, ఎందుకంటే ఈ పోటీలో సగం నాటకం నియమావళిలోనే ఉంది. ఎస్‌సీసీఏ, అంటే స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా, ఈ సిరీస్‌ను 1966లో మొదలుపెట్టింది. ఇంజను అయిదు లీటర్లు మించకూడదు. అమెరికన్ల కొలతలో అది 305 ఘనపు అంగుళాలు. రెండు లీటర్ల లోపు కార్లకు వేరే తరగతి ఉండేది, అందులో 1966లో, 1970లో ఆల్ఫా రోమియోలది, మధ్య మూడేళ్ళూ పోర్షేలది పైచేయి. సిరీస్ మొట్టమొదటి రేసు సెబ్రింగ్‌లో జరిగితే, పెద్ద అమెరికన్ ఇంజన్లన్నిటినీ వెనక వదిలి ఆల్ఫా రోమియోలో యోకెన్ రింట్ మొత్తం రేసే గెలిచాడన్నది ఇప్పటికీ అమెరికన్ అభిమానులు కొంచెం ఇబ్బందిగా చెప్పుకునే విషయం. వెనక సీటు ఉంటే చాలు, రెండు తలుపుల కారును కూడా నియమావళి సెడాన్‌గానే లెక్కించింది. మస్టాంగ్ వెనక సీటులో పెద్దమనిషి ఎవరైనా కూర్చుని రెండు గంటలు ప్రయాణం చేసి ఉంటాడని నేను అనుకోను గానీ, కాగితం మీద అది సెడానే.

అయిదు లీటర్ల హద్దు ఎంత దూరం పనిచేసిందో చూడండి. కమారో కొత్తగా వచ్చినప్పుడు షెవ్రొలే దగ్గర ఈ హద్దుకు సరిపోయే మంచి ఇంజను లేదు. 283 ఘనపు అంగుళాల ఇంజను చిన్నది, 327 హద్దు దాటింది. విన్స్ పిగ్గిన్స్ అనే షెవ్రొలే ఇంజనీరు ముందుకు తెచ్చిన కారుకు దారి చాలా సులువుగా దొరికింది: 327 బ్లాకు తీసుకుని అందులో, పిస్టన్ ఎంత దూరం కదలాలో నిర్ణయించే క్రాంక్ షాఫ్ట్‌ను 283 నుంచి తెచ్చి బిగించడం. సిలిండరు వ్యాసం నాలుగు అంగుళాలు, పిస్టన్ కదిలే దూరం మూడు అంగుళాలు, సిలిండర్లు ఎనిమిది. గుణించి చూస్తే 302కు ఒక పిసరు తక్కువ వస్తుంది. హద్దుకు మూడు అంగుళాల దూరంలో ఆగింది. అదే జెడ్ 28. పిస్టన్ తక్కువ దూరం కదలడం వల్ల ఇంజను ఎక్కువ వేగంతో తిరగగలిగింది, రేసుకు కావలసింది అదే. మొదటి ఏడాది, 1967లో, అమ్ముడైన జెడ్ 28లు 602 మాత్రమే. 1969కి ఆ సంఖ్య 20,000 దాటింది. ఫోర్డు కూడా 302కే చేరి, 1969లో బాస్ 302 మస్టాంగ్‌ను తెచ్చింది. రోడ్డు మీద ఈ రెండు కార్ల శక్తినీ కంపెనీలు 290 హార్స్‌పవర్ అనే ప్రకటించాయి. రేసు ట్రాకు మీద అవి 450 దరిదాపుల్లో ఉండేవి. రేసు కోసం పుట్టిన ఇంజను షోరూముకు వచ్చి అమ్మకాలను లాగిందంటే, కంపెనీలు ట్రాన్స్-యామ్ మీద ఎందుకు డబ్బు పోశాయో వేరే చెప్పనక్కర్లేదు.

ఇంకొక సంగతి. ఈ ఛాంపియన్‌షిప్ డ్రైవరుది కాదు, కంపెనీది. గెలిచిన కారుకు తొమ్మిది పాయింట్లు, రెండో కారుకు ఆరు, మూడో దానికి నాలుగు, ఆ పైన మూడు, రెండు, ఒకటి. ఒక కంపెనీ తరఫున ముందు వచ్చిన కారుకే పాయింట్లు, వెనక వచ్చిన వాటికి సున్నా. కాబట్టి ప్రతి టీముకూ రెండో కారు ఒక బీమా లాంటిది: మొదటి కారు చెడితే రెండోది ఆ స్థానం అందుకోవాలి, మొదటిది బాగానే ఉంటే రెండో డ్రైవరు రెండు గంటలకు పైగా పడ్డ కష్టం పట్టికలో కనిపించదు. 1970లో ఫోర్డు రెండో కారు నడిపిన జార్జ్ ఫాల్మర్ పేరు మీరు అంతగా విని ఉండకపోవడానికి సగం కారణం ఇదే.

1970కి ముందు రెండేళ్ళూ ఛాంపియన్‌షిప్ షెవ్రొలేది. ఆ గెలుపు వెనక ఉన్నది రోజర్ పెన్స్కీ టీము, మార్క్ డోనహ్యూ. డోనహ్యూ బ్రౌన్ విశ్వవిద్యాలయంలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివినవాడు. స్టీరింగ్ పట్టుకున్నప్పుడు ఎంత నెమ్మదిగా ఆలోచించేవాడో, గ్యారేజీలో అంత మొండిగా కొలతలు తీసుకునేవాడు. 1968లో 13 రేసుల్లో పది అతనివే. నియమావళిని పెన్స్కీ టీము చదివిన తీరు గురించి ఎన్నో కథలున్నాయి. కారు బాడీని ఆమ్లపు తొట్టిలో ముంచి రేకును పలచన చేయడం వాటిలో పేరుపొందింది. కారుకు కనీస బరువు నియమం ఉంది కదా, పలచన చేసి లాభమేమిటని మీకు అనిపించవచ్చు. పైన, తలుపుల్లో, కప్పులో తీసేసిన బరువును సీసపు దిమ్మెల రూపంలో నేలకు దగ్గరగా, కావలసిన చోట పెట్టుకోవచ్చు. మలుపులో కారు పక్కకు వాలడం తగ్గుతుంది. 1969 పెన్స్కీ కమారోలకు కప్పు మీద నల్లటి వినైల్ తొడుగు ఉండేది. సౌమ్యంగా, కుటుంబ కారులా కనిపించేది. ఆమ్లం తిన్న కప్పు రేకు అలలు అలలుగా ముడతలు పడితే, వాటిని దాచిన ముసుగు అది.

ఇంధనం పోసే పద్ధతి కూడా అలాంటిదే. ట్యాంకు 22 గాలన్లు. పిట్‌లో, అంటే రేసు మధ్యలో కారు ఆగే చోట, పంపు వాడకూడదు, ఇంధనం తన బరువుతోనే దిగాలి. మిద్దె మీద ట్యాంకు ఎంత ఎత్తున ఉంటే కింద కుళాయిలో నీళ్ళు అంత జోరుగా వస్తాయని మనకు తెలుసు. పెన్స్కీ 1969లో చేసింది ఆ లెక్కే: పిట్ వెనక ఒక ఎత్తైన ఇనుప గోపురం కట్టి దాని మీద డ్రమ్ము పెట్టాడు, ట్యాంకు కొద్ది సెకన్లలో నిండేది. తర్వాత నిర్వాహకులు ఎత్తుకూ హద్దు పెట్టారు.

ఇక 1970. రెండు వరుస ఛాంపియన్‌షిప్‌లు తెచ్చిపెట్టిన పెన్స్కీ, డోనహ్యూ ఇద్దరూ షెవ్రొలేను వదిలి అమెరికన్ మోటార్స్‌కు వెళ్ళిపోయారు. విస్కాన్సిన్ రాష్ట్రంలో కెనోషా అనే ఊళ్ళో కార్లు చేసే ఆ కంపెనీ డెట్రాయిట్ పెద్దలు ముగ్గురి (జనరల్ మోటార్స్, ఫోర్డు, క్రైస్లర్) ముందు చాలా చిన్నది, పొదుపు కార్లకు పేరు పడ్డది. దాని జావలిన్ 1968 నుంచే ఈ సిరీస్‌లో పోటీ చేసింది గానీ గెలుపు చూడలేదు. ఎరుపు, తెలుపు, నీలం రంగుల జావలిన్‌లో డోనహ్యూ, రెండో కారులో పీటర్ రెవ్సన్.

పెన్స్కీ వెళ్ళిన చోటును జిమ్ హాల్ అందుకున్నాడు. టెక్సాస్‌లో చాపరల్ కార్లు చేసే హాల్, రేసు కారుకు గాలి ఏం చేస్తుందో అందరికన్నా ముందు అర్థం చేసుకున్నవాళ్ళలో ఒకడు. ఆ ఏడాది ఇంకో సిరీస్ కోసం కారు కింద గాలిని ఫ్యాన్లతో లాగేసే చాపరల్‌ను తయారుచేస్తున్నదీ ఇతడే. అతని దురదృష్టం ఏమిటంటే, కొత్త ఆకారపు కమారో 1970 ఫిబ్రవరిలో గానీ మార్కెట్లోకి రాలేదు. మొదటి రేసు ఏప్రిల్‌లో. తెల్లటి కమారోలు సీజన్ పొడుగునా మిగతావాళ్ళ వెనక పరుగెత్తి అందుకునే పనిలోనే ఉన్నాయి.

క్రైస్లర్ కంపెనీ రెండు టీములతో దిగింది. డాన్ గర్నీ ఆల్ అమెరికన్ రేసర్స్ నీలం రంగు ప్లిమత్ బారకూడాలను నడిపింది, గర్నీతో పాటు కుర్రవాడు స్వీడ్ సావేజ్ డ్రైవరు. ఆటోడైనమిక్స్ అనే చిన్న సంస్థ పచ్చ రంగు డాడ్జ్ ఛాలెంజర్‌ను శామ్ పోసీకి ఇచ్చింది. పోంటియాక్ తరఫున జెర్రీ టైటస్ ఫైర్‌బర్డ్. ట్రాన్స్-యామ్ అనే పేరునే తన కారుకు పెట్టుకుని, అమ్మిన ప్రతి కారుకూ ఎస్‌సీసీఏకు అయిదు డాలర్లు కట్టిన కంపెనీ పోంటియాక్. ఆ పేరుతో ఒక్క రేసూ గెలవకపోవడం ఆ సీజన్ వింతల్లో ఒకటి.

ఇన్ని కంపెనీలు ఒక్కసారిగా రావడానికి 1970లో సడలించిన ఒక నియమం కారణం. అంతవరకు అయిదు లీటర్ల లోపు ఇంజను ఉన్న కారునే అమ్మాలి, దానినే పరుగెత్తించాలి. 1970 నుంచి అమ్మేది పెద్ద ఇంజనైనా, రేసుకు వచ్చేటప్పుడు స్ట్రోక్, అంటే పిస్టన్ కదిలే దూరం, తగ్గించి హద్దులోకి తెచ్చుకోవచ్చు. క్రైస్లర్ 340 ఘనపు అంగుళాల ఇంజను ఇలాగే లోపలికి వచ్చింది. బదులుగా ఆ మోడలు వేలల్లో అమ్మకానికి పెట్టాలన్నారు. అందుకే ప్లిమత్ ఏఏఆర్ పేరుతో 2,700కు పైగా, డాడ్జ్ సుమారు 2,400, అమెరికన్ మోటార్స్ డోనహ్యూ సంతకం ముద్రించిన జావలిన్‌లు 2,500 చొప్పున తయారుచేశాయి. జావలిన్ డిక్కీ మీద బాతు తోకలా లేచిన స్పాయిలర్ డోనహ్యూ ఆలోచన. దానిని రేసులో వాడుకోవాలంటే ముందు జనానికి అమ్మాలి, కాబట్టి అమ్మారు. ఈ సడలింపుతో ట్రాకు నిండింది, కానీ షోరూముకూ ట్రాకుకూ ఉన్న ముడి అక్కడే మొదటిసారి వదులైంది. వీధిలో తిరిగే 1970 కమారో జెడ్ 28లో ఉన్నది 302 కాదు, 350. ఒకే కార్బ్యురేటర్ ఉండాలనీ, కనీస బరువు 3,200 పౌండ్లనీ కూడా అదే ఏడాది తీర్మానించారు.

వీళ్ళందరి ఎదుట ఫోర్డు పెట్టింది ఒక్క టీము. ముందటేడు షెల్బీ టీము, బడ్ మూర్ టీము రెండూ బాస్ 302లను నడిపాయి. ఖర్చు తగ్గించి 1970కి బడ్ మూర్‌ను మాత్రమే ఉంచారు. మూర్ దక్షిణ కరొలైనాలోని స్పార్టన్‌బర్గ్ మనిషి. రెండో ప్రపంచ యుద్ధంలో నార్మండీ తీరంలో దిగిన సైనికుడు, గాయాలతో పతకాలతో తిరిగి వచ్చి నాస్‌కార్‌లో రెండు ఛాంపియన్‌షిప్‌లు గెలిచిన టీము యజమాని. 1969లో అతని మస్టాంగ్‌లు వేగంలో కమారోలకు తీసిపోలేదు, సీజన్ సగం దాకా ఫోర్డుదే పైచేయి. కెనడాలోని సెయింట్ జోవిట్ రేసులో ఫాల్మర్ ఇంజను పగిలి ట్రాకంతా నూనె చిమ్మింది, దాని మీద జారి కార్లు ఒకదాని మీద ఒకటి పడ్డాయి, ఫోర్డు కార్లు దెబ్బతిన్నాయి. అక్కడి నుంచి పెన్స్కీ కమారోలు వరుసగా గెలుచుకుపోయాయి. 1970కి మూర్ కొత్త బాడీలు కట్టినా కారు జాతకం పాతదే: అదే ఇంజను, అదే సస్పెన్షన్ పద్ధతి, అదే ఇద్దరు డ్రైవర్లు, అదే మెకానిక్‌లు. స్కూలు బస్సు పసుపు రంగు వేసిన ఆ రెండు కార్లలో 15వ నంబరు పార్నెల్లీ జోన్స్‌ది, 16 ఫాల్మర్‌ది.

జోన్స్ 1963లో ఇండియానాపోలిస్ గెలిచినవాడు. మట్టి ట్రాకుల మీద పెరిగిన డ్రైవరు, అందుకే కారు పక్కకు జారితే కంగారుపడడు, ఎదుటివాడు దారి ఇవ్వకపోతే బంపరుతో అడగడానికీ మొహమాటపడడు. డోనహ్యూకు అతడు పూర్తిగా వ్యతిరేకం. ఒకరు మలుపును లెక్కకట్టి తీసుకుంటారు, ఇంకొకరు మెడలు వంచి తీసుకుంటారు. వీళ్ళిద్దరిలో ఎవరు గొప్ప అన్న వాదన నేటికీ నడుస్తోంది. నన్ను అడిగితే, కొత్త కారును మంచి కారుగా మార్చడంలో డోనహ్యూకు సాటి లేదు. ఉన్న కారు నుంచి ఆ రోజు పిండగలిగినదంతా పిండడంలో జోన్స్‌కు సాటి లేదు. 1970లో రెండోదే ఎక్కువ పనికొచ్చింది.

ఏప్రిల్ 19న కాలిఫోర్నియాలోని లగూనా సెకాలో సీజన్ మొదలైంది, జోన్స్ గెలిచాడు. మే నెలలో లైమ్ రాక్, మళ్ళీ జోన్స్. నెలాఖరున న్యూ హ్యాంప్‌షైర్‌లోని బ్రయర్‌లో ఫాల్మర్. జూన్ 7న మిడ్-ఒహాయోలో మళ్ళీ జోన్స్. నాలుగు రేసులు, నాలుగూ ఫోర్డువే. ఆ వారాల్లో జావలిన్‌ల ఇంజన్లు వేధించాయి. పొడవాటి మలుపులో కారు ఒరిగినప్పుడు ఇంజను అడుగు తొట్టిలోని ఆయిల్ అంతా ఒక పక్కకు చేరి, పంపు గాలిని పీలుస్తుంది; ఆ రెండు మూడు సెకన్లలో బేరింగులు ఎండిపోతాయి. అది లాంగ్ ఐలండ్ మీద బ్రిడ్జ్‌హాంప్టన్ నాటికి అదుపులోకి వచ్చింది. జూన్ 21న అక్కడ వానలో డోనహ్యూ గెలిచాడు, అమెరికన్ మోటార్స్‌కు ఈ సిరీస్‌లో అది మొట్టమొదటి గెలుపు.

అక్కడి నుంచి అయిదు రేసులు ఫోర్డుకు ఒక్క గెలుపూ లేదు. మిన్నెసోటాలోని డానీబ్రూక్‌లో ఏ పెద్ద కంపెనీ డ్రైవరూ కాదు, పాత 1969 మోడలు కమారోతో వచ్చిన మిల్ట్ మింటర్ గెలిచాడు. ఎవరూ పట్టించుకోని ఈ ఫలితం నా వాదనకు మంచి సాక్ష్యం: బాగా సర్దిన పాత కారు కొత్త కారుకు ఎప్పుడైనా ప్రమాదమే. జూలై 19న రోడ్ అమెరికా, నాలుగు మైళ్ళ పొడవైన ట్రాకు, విస్కాన్సిన్‌లో, అంటే కెనోషా కార్మికుల సొంత రాష్ట్రంలో. డోనహ్యూ జావలిన్ మొదటిది, సావేజ్ ప్లిమత్ రెండోది. ఆ రేసుకు ముందు సాధనలో జెర్రీ టైటస్ ఫైర్‌బర్డ్ అదుపు తప్పి వంతెన గోడను ఢీకొంది. టైటస్ మోటారు పత్రికకు సంపాదకుడిగా పనిచేసి, తను రాసే కార్లను తనే గెలిపించి చూపించినవాడు. 1966లో చివరి రేసు గెలిచి ఫోర్డుకు మొదటి ట్రాన్స్-యామ్ టైటిల్ తెచ్చినవాడు. ఆగస్టు 5న చనిపోయాడు.

ఆగస్టులో సెయింట్ జోవిట్ కూడా డోనహ్యూదే. ఆ తర్వాత వాట్‌కిన్స్ గ్లెన్‌లో జిమ్ హాల్ తను పక్కకు తప్పుకుని తన కారు ఇచ్చిన ఇంగ్లీషు డ్రైవరు విక్ ఎల్ఫర్డ్, అంటే 1968లో మాంటె కార్లో ర్యాలీ గెలిచిన మనిషి, చాపరల్ కమారోను గెలిపించాడు. ఈ అయిదు రేసుల్లోనూ మూర్ కార్లు ముందు వరసల్లో ఉంటూ పాయింట్లు కూడగట్టుకున్నాయి. నేను ఇందాక చెప్పిన బీమా పనిచేసింది ఇక్కడే. సియాటిల్ దగ్గరి కెంట్ ట్రాకులో సెప్టెంబరు 20న జోన్స్ గెలవడంతో టైటిల్ ఫోర్డుది అయిపోయింది.

అందుకని అక్టోబరు 4న రివర్‌సైడ్‌లో తేలవలసింది ఏమీ లేదు. అయినా ఈ సీజన్ గురించి తెలిసినవాళ్ళు ముందు చెప్పేది ఆ రేసే. మొదట్లో ముందున్న జోన్స్ మరో కారుతో తగులుకుని ట్రాకు దిగి ఎడారి దుమ్ములోకి పోయాడు. కారు రేకు నలిగింది, స్థానాలు పోయాయి. ఛాంపియన్‌షిప్ చేతిలో ఉన్న డ్రైవరు అప్పుడు నెమ్మదిగా నడిపి కారును ఇంటికి చేర్చినా ఎవరూ తప్పుపట్టరు. అతడు ఒక్కొక్కరినే పట్టుకుంటూ, కొన్ని చోట్ల నలిగిన కారునే ఇంకా నలగ్గొట్టుకుంటూ, చివరికి తన టీము సహచరుడు ఫాల్మర్‌ను కూడా దాటి గెలిచాడు. ఫాల్మర్ రెండోవాడు. పట్టిక లెక్కలో ఆ గెలుపు అవసరం లేనిదే. డాన్ గర్నీ డ్రైవరుగా విరమణ తీసుకున్న రేసు కూడా అదే. ప్లిమత్ కారు దిగి ఆ రోజుతో స్టీరింగ్ వదిలేశాడు.

నవంబరులో ఫోర్డు రేసుల నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. క్రైస్లర్ టీములు మళ్ళీ రాలేదు. రేసుల డబ్బు ఎటు పోయిందో అర్థం చేసుకోవడం కష్టం కాదు: శక్తిమంతమైన కార్లకు బీమా రుసుములు కుర్రవాళ్ళు కట్టలేనంత పెరిగాయి, ఆ డిసెంబరు 31న స్వచ్ఛమైన గాలి చట్టం మీద సంతకం పడింది, ఇంజనీర్లను పొగ గొట్టం దగ్గర కూర్చోబెట్టక తప్పలేదు. అధిక అమ్మకాల ఆశతో వచ్చిన కంపెనీలు ఆ ఆశ పోగానే వెళ్ళిపోయాయి, వాటిని తప్పుపట్టలేం. పెన్స్కీ మాత్రం ఉండిపోయాడు. ముందటేడు మూర్ చేసిన పనినే 1971లో అతడు చేశాడు: అదే జావలిన్‌ను, రెండో ఏడాది, ఇంకా సానపట్టి. డోనహ్యూ ఏడు రేసులు గెలిచాడు, టైటిల్ అమెరికన్ మోటార్స్‌కు వచ్చింది. కంపెనీ సాయం పోయిన బడ్ మూర్ మస్టాంగ్‌లు ఆ ఏడాది కూడా కొన్ని రేసులు గెలవడం మెచ్చుకోవలసిన విషయం. రెండు లీటర్ల తరగతిలో ఆల్ఫాల చేతి నుంచి డాట్సన్ 510 టైటిల్ లాక్కున్నదీ ఆ ఏడాదే.

ట్రాన్స్-యామ్‌లో డ్రైవరుకు ఛాంపియన్‌షిప్ ఇవ్వడం 1972లో మొదలైంది. మొదటి బిరుదు జార్జ్ ఫాల్మర్‌కు దక్కింది. అతడు గెలిచింది జావలిన్‌లో.